నాలుగో డబ్బ

మడికొండల రాత్రి డ్యూటీ.
చెవులకు హెడ్‌ఫోన్, ముంగట తెర,
తెర మీద నాలుగు డబ్బలు:
తిమింగలం, ఓడ, వాన, డౌటు.
ఇనాలె. ఒక డబ్బల టిక్కు గొట్టాలె.
ఫైలుకు రెండు రూపాయలు.
డౌటుకు పైసల్లేవు.

సముద్రం నేను చూడలె.
నేనెరిగిన పెద్ద నీళ్లు మిడ్ మానేరు,
అదిగూడ ఊర్లు మునిగినంక.

అరేబియా సముద్రంల
ఎవరో తాడుకు గట్టి దించిన మైకు
నెల దినాలు ఇన్నదంత
పది పది నిమిషాల తునకలై మా దగ్గరికొస్తది.
ఆ తిమింగలాలు ఇగ వందకు లోపేనట.
వేరే సముద్రాలల్ల వీటి చుట్టాలు
ఎండకాలం ఒక దిక్కు చలికాలం ఒక దిక్కు పోతయట,
ఇవి మాత్రం ఏడాది పొడుగూత ఆ నీళ్లల్లనే,
ఒమాన్ ఒడ్డు పొంటి.
మొదటిరోజు అది చదివి నవ్వొచ్చింది.
మా వాడకట్టు మొగోళ్లు సగం మంది
ఒమాన్‌కు వలస పోయినోళ్లే.

నేర్పేటప్పుడు ఇర్ఫాన్ సార్ అన్నడు:
"పాటను తర్వాత పడుదువు గని
ముందుగాల మోతను గుర్తువట్టు."
మోతను నాకు నేర్పుడేంది సార్,
నేను సిరిసిల్ల పిల్లను.

నాలుగు సాంచెల నడుమ ఉయ్యాల గట్టి పండవెట్టిన్రు నన్ను.
నాయిన పిలిస్తె నాకు ఇనవడకపోయేది,
నేను పిలిస్తె ఆయనకు.
చేతులతోటే మాట్లాడుకున్నం.
బొటనవేలు నోటి దిక్కు వంచితె నీళ్లు.
రెండు వేళ్లు కత్తెర లెక్క ఆడితె, పోగు తెగింది.
కరెంటు పోయి సాంచెలు ఆగిన రోజు
ఏం మాట్లాడాల్నో తెల్వక
ఆయన బీడీలకు, నేను గల్లీలకు.

అందుకే
ఓడ మోతల చిక్కుకొని పాడేటోడు
నడుమనే ఎందుకు ఊకుంటడో నాకెరుకే.
గొంతు అలిసి గాదు.

మొన్న రాత్రి రెండున్నరకు
కాజీపేట దిక్కు బొగ్గుబండి కూత.
హెడ్‌ఫోన్ తీసిన. బండి లేదు, కూత లేదు.
మల్ల పెట్టుకున్న. ఉన్నది.
ఓడ ఇంజన్ కింద, ఇంకా కింద,
తెర మీద ఆకుపచ్చ మసకల
వెంట్రుకంత గీత,
నడుమ తెగి, మల్ల మొదలై.
పడుగుల తెగిన పోగును
కండ్లు గాదు, వేలికొన దొరకవడతది.
తెర మీద వేలు పెట్టి రాసిన.
పదకొండు సార్లు ఇన్న.
ఆ పదకొండు సార్లల్ల టార్గెట్ పోయింది.

తిమింగలం అంటె ఆ దిక్కు ఓడలకు కబురు పోతది,
మెల్లగ రమ్మని.
ఓడ మెల్లగొస్తె
సలాలా పోర్టుల క్రేన్ కింద మా చిన్నాయిన
ఇంకో మూడు గంటలు ఎండల నిలవడాలె.
ఈ మోతల ఆయన జీతం గూడ ఉన్నది.
ఆయన పంపిన పైసలు నా ఇంటర్ ఫీజు.

చాయ్ తాగొచ్చిన.
మొదటి డబ్బల టిక్కు గొట్టిన.

తెల్లారి సార్ పిలిచిండు.
"ఇదే ఫైలు ఇంకో ముగ్గురికిచ్చినం,
ముగ్గురు ఓడనే అన్నరు. నీకెట్ల ఇనవడ్డది?"
ఏం చెప్తం.
నా స్కోరు రెండు పాయింట్లు దిగింది.
ఆ ఓడ మెల్లగ పోయిందో, ఎప్పటి లెక్కనే ఉరికిందో
మడికొండ దాక కబురు రాదు.

ఫైళ్లు బయటికి తీయొద్దని సంతకం పెట్టిచ్చుకుంటరు.
తీసిన.

ఆదివారం. బతుకమ్మ చీరల ఆర్డరు అయిపోయి
సాంచెలు బందు వెట్టి ఉన్నయి.
నాయిన చెవులు సగం పోయినయి,
సన్నటి గొంతులు ఆయనకు అందయి,
లావువి అందుతయి.
కుడిచెవుల ఇయర్‌ఫోన్ పెట్టి ఏం చెప్పలె.
కండ్లు మూసుకున్నడు.
నాలుగో నిమిషం కాడ
తొడ మీదున్న చెయ్యి లేచింది,
రెండు వేళ్లు కత్తెర లెక్క ఆడినయి.

నేను ఆపబోయిన.
వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టి
చూపుడువేలు గాలిల గుండ్రంగ తిప్పిండు:
మొదటికెళ్లి పెట్టు.